పాట తెలుసు, సినిమా చూశామా?



ముందుగా ఒక చిన్న ప్రశ్న. మీరు మాయాబజార్ చూశారా?

ఇదేం ప్రశ్న, మాయాబజార్ చూడని తెలుగువాళ్లుంటారా అని నవ్వుకుంటున్నారు కదూ! సరే, ప్రశ్న కాస్త మారుస్తాను. మాయాబజార్‌ని పేర్లు పడే దగ్గర్నుంచి శుభం కార్డు దాకా, ఒక్క పట్టున, మధ్యలో లేవకుండా ఎప్పుడు చూశారు?

ఇప్పుడు కొంచెం ఆలోచనలో పడ్డారు. ఇంకో ప్రశ్న. ఆ సినిమాలో పాండవులు ఏ సన్నివేశంలో వస్తారు?

రారండీ. ఐదుగురిలో ఒక్కరు కూడా తెర మీద కనిపించరు. భారతంలోని మనుషులతో అల్లిన కథ. అభిమన్యుడున్నాడు, ఘటోత్కచుడున్నాడు, కౌరవులున్నారు, కృష్ణుడు సరేసరి. పాండవులు మాత్రం లేరు. వాళ్లు లేరన్న సంగతి చూసేవాళ్లకు తట్టనే తట్టదు. కె.వి. రెడ్డి గారి దర్శకత్వం అలాంటిది. కథ అంత బిగువుగా సాగుతుంది.

కానీ అడిగినప్పుడైనా జవాబు వెంటనే ఎందుకు తట్టలేదు? మాయాబజార్ మనకు ముక్కలు ముక్కలుగా తెలుసు కాబట్టి. పడవలో పాట తెలుసు. పెళ్లి భోజనం పాట తెలుసు. ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు ఎగిరొచ్చి పడడం తెలుసు. ఫోనులో అర నిమిషం ముక్కలు రోజూ చూస్తూనే ఉంటాం. సినిమా తెలుసు అనుకుంటాం. కానీ తెలియడం వేరు, చూడడం వేరు.

ఇందులో మా రేడియో వాళ్ల పాత్ర కూడా కొంత ఉందనుకోండి! సంక్షిప్త శబ్ద చిత్రం గుర్తుందా? మూడు గంటల సినిమాను గంటకు కుదించి వినిపించేవాళ్లం. వంటింట్లో పప్పు ఉడుకుతుంటే అమ్మ విని, సినిమా చూసినంత సంబరపడేది. హాలు బయట పాటల పుస్తకాలు అమ్మేవాళ్లు. కథ సగం దాకా రాసి, మిగతాది వెండితెరపై చూడండి అని ఆపేసేవాళ్లు. చాలామందిమి ఆ సగం దగ్గరే ఆగిపోయాం.

పాటలు విని సినిమా చూశామనుకోవడం, పెళ్లికి వెళ్లి తాంబూలం పుచ్చుకుని వచ్చేయడం లాంటిది. పిలిచారు, వెళ్లాం. కానీ పెళ్లి చూశామా?

అందుకని ఇవాళ మీతో ఒక పందెం గురించి మాట్లాడదామని వచ్చాను. పక్కవాళ్లతో కాదు, ఎవరికి వారే తమతో వేసుకునే పందెం. వారానికి ఒక పాత సినిమా. అంతే. వారానికి ఒక్కటి. ఏడాది తిరిగేసరికి 52 సినిమాలు.

ఈ పందేనికి నియమాలు మూడే మూడు. మొదటిది, సినిమా మొత్తం చూడాలి. పేర్లు మొదలుకొని శుభం దాకా. రెండోది, చూస్తున్నంతసేపూ ఫోను ఇంకో గదిలో ఉండాలి. మూడోది, ఒక వారం పేరు తెలిసిన సినిమా చూస్తే, తర్వాతి వారం పేరు తెలియని సినిమా చూడాలి. మళ్లీ చెబుతాను. మొత్తం చూడాలి. ఫోను దూరంగా ఉండాలి. తెలిసింది ఒకటి, తెలియనిది ఒకటి.

మొత్తం చూడాలని ఎందుకు పట్టుపడుతున్నానో చెబుతాను. మల్లీశ్వరి సంగతే తీసుకోండి. 1951లో బి.ఎన్. రెడ్డి గారు తీశారు. మాటలు, పాటలు దేవులపల్లి కృష్ణశాస్త్రి గారివి. సంగీతం సాలూరి రాజేశ్వరరావు గారిది. ఆ పాటలు మన రేడియోలో మోగని వారముండదు. పాటలన్నీ నోటికి వచ్చినవాళ్లు మనలో వేలమంది ఉన్నారు. మరి ఆ కథకు కీలు ఎక్కడుంది?

ఒక వానరాత్రిలో ఉంది. మల్లి, నాగరాజు బావామరదళ్లు. సంత నుంచి తిరిగొస్తూ వానలో చిక్కుకుంటారు. దారిలో ఒక పాడుబడ్డ చోట తలదాచుకుంటారు. మల్లిగా భానుమతి, నాగరాజుగా ఎన్.టి. రామారావు. అక్కడికే ఇంకో ఇద్దరు బాటసారులొస్తారు. మారువేషంలో ఉన్న శ్రీకృష్ణదేవరాయలు, ఆయన వెంట అల్లసాని పెద్దన. వీళ్లకా సంగతి తెలియదు. మల్లి పాడుతుంది, ఆడుతుంది. బాటసారులు మెచ్చుకుంటారు. నాగరాజు కుర్రతనం కొద్దీ ఒక సరదా మాట అంటాడు. రాయలవారికి చెప్పి మా మల్లికి పల్లకీ పంపించమంటాడు.

వేళాకోళానికి అన్న మాట. అందరూ నవ్వుకుంటారు. సినిమా ముందుకు సాగిపోతుంది. మనమూ ఆ మాట మర్చిపోతాం.

తర్వాత ఒకరోజు నిజంగానే పల్లకీ వస్తుంది. మల్లిని రాణివాసానికి తీసుకుపోవడానికి. నాగరాజు అప్పటికి ఊళ్లో లేడు. మల్లిని పెళ్లాడాలంటే డబ్బు కావాలని సంపాదనకు వెళ్లాడు. తను నవ్వుతూ అన్న మాటే తన బతుకు మీదికి వచ్చింది. ఆ పల్లకీ గుమ్మంలో దిగినప్పుడు గుండె కలుక్కుమంటుంది. కానీ ఎవరికి? ఆ వానరాత్రి వాళ్లతో కూర్చున్నవాళ్లకు. మధ్యలో వచ్చి చూసినవాళ్లకు అదొక పల్లకీ, అంతే.

చూశారా! పాటలు ఎంత గొప్పవైనా, వాటికి బలం వచ్చేది పాటకూ పాటకూ మధ్య జరిగే కథలో. విరహగీతం వినడానికి బాగానే ఉంటుంది. ఆ విరహానికి కారణం ఒక పరాచికం అని తెలిసి వింటే ఇంకోలా ఉంటుంది. అందుకే మొత్తం చూడాలంటున్నాను.

ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. దాచను. పాత సినిమా మొదటి అరగంట నెమ్మదిగా నడుస్తుంది. ఇప్పటి వేగానికి అలవాటు పడ్డ కళ్లకు విసుగనిపిస్తుంది. చెయ్యి దానంతట అదే ఫోను వెతుక్కుంటుంది. రెండో నియమం పెట్టింది అందుకే.

నెమ్మది ఎందుకుంటుందో తెలిస్తే విసుగు సగం తగ్గుతుంది. ఆ నటుల్లో చాలామంది నాటకరంగం నుంచి వచ్చారు. మాటను విడమరిచి, ఊపిరి తీసుకుని, ఎదుటివాడి ముఖం చూసి పలకడం వాళ్ల అలవాటు. కెమెరా కూడా తొందరపడదు. ఇద్దరు మనుషుల్ని ఎదురెదురుగా నిలబెట్టి, వాళ్ల మధ్య మాట పూర్తయ్యేదాకా ఓపిగ్గా చూస్తుంది. ఇప్పుడైతే రెండు సెకన్లకోసారి షాట్ మారుతుంది. అప్పట్లో మనిషి ముఖం మారేదాకా ఆగేవాళ్లు.

ఆ ముఖం మారడం ఎంత అందంగా ఉంటుందో చూడాలంటే మళ్లీ మాయాబజార్‌కే రావాలి. మాయ శశిరేఖ ఘట్టాలు గుర్తు తెచ్చుకోండి. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో పెళ్లివారింట్లో తిరుగుతుంటాడు. తెర మీద ఉన్నది సావిత్రి. కానీ లోపల ఉన్నది ఎస్.వి. రంగారావు! సావిత్రి భుజాలు విరుచుకుని నడుస్తుంది. చూపులో ఒక రాక్షస దర్పం. అంతలో ఎవరో వస్తారు. భుజాలు దిగుతాయి, తల వంగుతుంది, సిగ్గు ముంచుకొస్తుంది. వాళ్లు అటు వెళ్లగానే మళ్లీ ఘటోత్కచుడు. ఈ మార్పుకు గ్రాఫిక్కులు లేవు. ఉన్నవి ఒక మెడ, రెండు భుజాలు, రెండు కళ్లు. పెళ్లిపీటల మీద లక్ష్మణకుమారుడి కాలు తొక్కే దగ్గర రేలంగి గారి ముఖం కూడా చూడండి. పక్కన ఫోను మోగితే ఇవన్నీ పోతాయి.

ఇంకొక్క మాట. మాయాబజార్‌కు రంగులద్ది 2010లో మళ్లీ విడుదల చేశారు. పిల్లలకు చూపించడానికి అది బాగానే ఉంటుంది. మీరు మాత్రం ముందు నలుపు తెలుపులో చూడండి. దాని ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే. పాతాళభైరవి, మిస్సమ్మ, గుండమ్మ కథ కూడా ఆయన చేతిలోంచి వచ్చినవే. పడవ పాటలో నీళ్ల మీద పరుచుకున్న వెన్నెల చూడండి. ఆ వెన్నెలకు రంగు అక్కర్లేదు. నలుపెంత, తెలుపెంత, మధ్యలో బూడిద ఎంత అన్న లెక్కతోనే ఆయన చల్లదనం పుట్టించారు.

సరే, తెలిసిన సినిమాల గురించి చెప్పుకున్నాం. ఇప్పుడు మూడో నియమం. తెలిసింది ఒకటి, తెలియనిది ఒకటి. అసలు రుచి ఈ రెండోదాంట్లో ఉంది.

పెద్దమనుషులు అని ఒక సినిమా ఉంది. 1954లో వచ్చింది. దర్శకుడు మళ్లీ కె.వి. రెడ్డి గారే. రాక్షసులు, మాంత్రికులు, మాయలు తీసిన ఆ చేత్తోనే ఒక చిన్న ఊరి మున్సిపాలిటీ కథ తీశారు. మాటలు డి.వి. నరసరాజు గారివి. కథకు ప్రేరణ ఎక్కడిదో తెలుసా? నార్వే నాటకకర్త ఇబ్సెన్ రాసిన నాటకం. అంత దూరం నుంచి వచ్చిన కథ, చూస్తే మన వీధి చివర జరుగుతున్నట్టే ఉంటుంది.

ఊరికి ఒక ఛైర్మన్. జంధ్యాల గౌరీనాథశాస్త్రి గారు వేశారు. నెమ్మదైన మాట, నిండైన మనిషి. ఎదురుపడితే ఎవరైనా నమస్కారం పెడతారు. ఆయన చుట్టూ మరికొందరు పెద్దమనుషులు. వాళ్లు చేసే పనులు మాత్రం పెద్దమనుషులు చేసేవి కావు. ఈ ఛైర్మన్ గొంతు పెంచడు, మీసం మెలేయడు, పకపకా నవ్వడు. మర్యాదగా మోసం చేస్తాడు. మన సినిమాల్లో విలనంటే ఎర్ర కళ్లూ పెద్ద అరుపులూ అనుకునేవాళ్లు ఈ మనిషిని చూడాలి. ఒళ్లు జలదరిస్తుంది.

అదే ఊళ్లో తిక్క శంకరయ్య అని ఒకడుంటాడు. రేలంగి గారు వేశారు. తిక్క ఉన్నప్పుడు ఊరి నిజాలన్నీ బయటపెట్టేస్తాడు. కొసరాజు గారు రాసిన తత్వంలాంటి పాట పాడుకుంటూ వీధులు తిరుగుతాడు. తెలివైనవాళ్లందరూ నోరు మూసుకున్న ఊళ్లో నిజం చెప్పే పని తిక్కవాడికి పడింది. 70 ఏళ్లు దాటింది ఈ సినిమాకు. చూశాక మీ ఊళ్లో ఎవరెవరు గుర్తొస్తారో నేను చెప్పను. మీకే తెలుస్తుంది.

ఇంకో తెలియని సినిమా. దాసి. 1988లో బి. నర్సింగరావు గారు తీశారు. 1920ల నాటి తెలంగాణ. ఒక దొర గడీ. దొరసానితోపాటు పుట్టింటివాళ్లు పంపిన ఒక దాసి కథ. ఆమె పేరు కమలాక్షి. అర్చన నటించారు, ఆ ఏడాది జాతీయ ఉత్తమ నటి అయ్యారు.

మాటల మీద బతికే మన సినిమాల్లో ఇదొక వింత. ఇందులో మాటలు చాలా తక్కువ. కమలాక్షి నీళ్లు తెస్తుంది, ఊడుస్తుంది, కాళ్లు కడుగుతుంది, పిలిస్తే వెళుతుంది. ఆ పిలుపుకు ఎదురు చెప్పే హక్కు ఆమెకు లేదు. గడీ గోడలు, ఆ మసక వెలుతురు, తలుపు చప్పుడు. ఇవే కథ చెబుతాయి. ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. చూస్తున్న మనకే ఊపిరాడదు. మొదటిసారి చూసేవాళ్లు పాట వస్తుందేమో, ఎవరో వచ్చి కాపాడతారేమో అని ఎదురుచూస్తారు. రారు. సినిమా అంటే పాటలూ మాటలే అనుకునే అలవాటుకు ఇది మంచి పరీక్ష.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. బెంగాల్ నుంచి మృణాల్ సేన్ వచ్చి, ప్రేమ్‌చంద్ కథను తీసుకుని, 1977లో తెలుగులో ఒక ఊరి కథ తీశారు. గౌతమ్ ఘోష్ వచ్చి తెలంగాణ రైతాంగ పోరాటం మీద మా భూమి తీశారు. వాళ్ల భాష వేరు, అయినా మన మట్టి వాసన పట్టుకున్నారు. అన్నీ ఇప్పుడే చెప్పేస్తే మీకు వెతుక్కునే సరదా పోతుంది. ఒక్కొక్కటే పట్టుకోండి.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చేయాలి. పాతదంతా బంగారం అని నేననను. పాత సినిమాల్లో ఇవాళ మనకు మింగుడుపడనివి ఉంటాయి. ఆడపిల్లను చెంపదెబ్బ కొట్టి దారికి తెస్తారు. నల్లగా ఉన్నవాళ్ల మీద, లావుగా ఉన్నవాళ్ల మీద హాస్యమాడతారు. వాటిని దాటేసి చూడొద్దు. కళ్లు తెరుచుకునే చూడండి. చూశాక ఇంట్లో వాళ్లతో వాదించుకోండి. వాదన పుట్టించే సినిమా ప్రాణమున్న సినిమా.

మిస్సమ్మనే తీసుకోండి. 1955, ఎల్.వి. ప్రసాద్ గారి దర్శకత్వం. ఉద్యోగం లేని ఒక హిందూ అబ్బాయి, అప్పు తీర్చాల్సిన ఒక క్రైస్తవ అమ్మాయి. ఒక ఊళ్లో బడికి టీచర్లు కావాలి, కానీ భార్యాభర్తలే కావాలి. ఉద్యోగం కోసం ఇద్దరూ మొగుడూ పెళ్లాలమని అబద్ధమాడతారు. ఇవాళ రాసినా ధైర్యమైన కథే. మేరీగా సావిత్రి కోపం చూడండి. ఆ పాత్రకు ముందు భానుమతి గారిని అనుకున్నారు. ఆవిడ తప్పుకోవడంతో సావిత్రికి దక్కింది. నటించడం ఇష్టం లేని అమ్మాయిలా నటించాలి! సావిత్రి అది నల్లేరు మీద బండిలా చేసేశారు.

కానీ చివరికి ఏమవుతుంది? పుట్టుక రహస్యం ఒకటి బయటపడుతుంది. మేరీ ఆ ఊరి జమీందారు గారి తప్పిపోయిన కూతురే అని తేలుతుంది. మతం చిక్కు దానంతట అదే విడిపోతుంది. నవ్వుకుంటూ చూస్తాం, చప్పట్లు కొడతాం. తర్వాత ఒక ప్రశ్న మిగులుతుంది. ఆ రహస్యం బయటపడకపోతే? మేరీ మేరీగానే ఉండిపోతే ఈ పెళ్లి జరిగేదా? ఇంత చక్కటి ప్రశ్న వేసి, జవాబు చెప్పకుండా సినిమా తప్పించుకుంది. ఆ జవాబు మీ ఇంట్లో తాతగారు ఒకటి చెబుతారు, మనవరాలు ఇంకొకటి చెబుతుంది. ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి చూపించండి. సినిమా అయ్యాక టీవీ ఆపేసి వాళ్ల మాటలు వినండి.

అందుకే ఈ పందెం ఒంటరిగా కాకుండా ఇంకొకరితో కలిసి మొదలుపెట్టమంటాను. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లు ఆ సినిమా ఏ హాల్లో చూశారో, నేల టిక్కెట్టు ఎంతో చెబుతారు. పిల్లలు అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉంటే ఇంకా మంచిది. ఇక్కడ మీరు, అక్కడ వాళ్లు ఒకే వారంలో ఒకే సినిమా చూడండి. ఆదివారం ఫోనులో తిన్నారా, ఎండలెలా ఉన్నాయి అన్న మాటలయ్యాక ఏం మాట్లాడాలో తోచదు కదా. ఇప్పుడు మాట్లాడుకోవడానికి ఒక సినిమా ఉంటుంది.

ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. ప్రతి సినిమాకూ ఒక్క వాక్యం రాయండి. మార్కులు వేయొద్దు. బాగుంది, బాగాలేదు అని కూడా రాయొద్దు. మీకు కనిపించిన ఒక్క సంగతి రాయండి. ఛైర్మన్ ఎప్పుడూ గొంతు పెంచలేదు. పల్లకీ నిజంగా వచ్చింది. ఇలాంటిది ఒక్కటి చాలు. ఒక్క వాక్యం రాయాలని తెలిస్తే కన్ను దానంతట అదే పదునెక్కుతుంది.

ఒక వారం కుదరదు. ఇంటికి చుట్టాలొస్తారు, పిల్లల పరీక్షలుంటాయి. పోనివ్వండి. తర్వాతి వారం రెండు చూసి లెక్క సరిచేయాలని పరుగెత్తొద్దు. ఏడాదికి 52 కావాలన్నది మనల్ని కూర్చోబెట్టడానికి పెట్టుకున్న లెక్క. 40 దగ్గర ఆగినా, ఆ 40 పూర్తిగా చూసినవి.

అన్నట్టు, ఇప్పుడే ఎందుకు చూడాలో కూడా చెప్పాలి. మనకు మొదటి టాకీ భక్త ప్రహ్లాద. హెచ్.ఎం. రెడ్డి గారు తీశారు, 1932లో విడుదలైంది. దాన్ని చూద్దామంటే ఇవాళ దొరకదు. ఫిల్ము మిగల్లేదు. ఆ కాలం ఫిల్ము నిప్పు తగిలితే భగ్గుమనేది, వేడికీ చెమ్మకూ పాడయ్యేది. ఆట అయిపోయాక దాన్ని దాచాలన్న ఆలోచన కూడా తక్కువే. పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పెట్టింది 1964లో. అప్పటికే చాలా పోయాయి. మనకు మిగిలినవే చూస్తున్నాం. మిగిలినవాటికి చూసేవాళ్లుంటేనే ఎవరైనా బాగుచేస్తారు, మళ్లీ మంచి ప్రింటు తీస్తారు. చూసేవాళ్లు లేని సినిమా డబ్బాలో ఉన్నా లేనట్టే.

ఇంకో జాగ్రత్త. టీవీలోనో, యూట్యూబులోనో దొరికే కాపీల్లో కొన్ని కోసేసినవి ఉంటాయి. పాట పోతుంది, సన్నివేశం పోతుంది. మొదలుపెట్టే ముందు నిడివి చూసుకోండి. ఒకే సినిమాకు రెండు మూడు కాపీలు కనిపిస్తే పొడుగ్గా ఉన్నది ఎంచుకోండి.

ఇక వెళ్లే ముందు, మొదటి నెలకు నాలుగు సినిమాలు చెప్పి వెళతాను. రాసుకునేవాళ్లు రాసుకోండి. మొదటి వారం మల్లీశ్వరి. రెండో వారం పెద్దమనుషులు. మూడో వారం మిస్సమ్మ. నాలుగో వారం దాసి. మరోసారి. మల్లీశ్వరి, పెద్దమనుషులు, మిస్సమ్మ, దాసి. రెండు మీకు పేరు తెలిసినవి, రెండు బహుశా తెలియనివి.

నియమాలు గుర్తున్నాయి కదా? మొత్తం చూడాలి. ఫోను దూరంగా ఉండాలి. తెలిసింది ఒకటి, తెలియనిది ఒకటి.

ఐదో వారం ఏ సినిమా చూడాలో మీరు నన్ను అడగక్కర్లేదు. ఈ నాలుగూ చూసినవాళ్లకు ఐదోది వాళ్లకే తడుతుంది. సావిత్రి నచ్చితే సావిత్రి వెంట వెళతారు. కె.వి. రెడ్డి గారు నచ్చితే ఆయన వెంట వెళతారు. దాసి మనసులోంచి పోకపోతే మా భూమి వెతుక్కుంటారు. అప్పటికి ఇది పందెంలా ఉండదు, అలవాటైపోతుంది.

ఈ ఆదివారం మధ్యాహ్నం భోజనం అయ్యాక ఎలాగూ ఖాళీయే కదా. మల్లీశ్వరితో మొదలుపెట్టండి.